నీటి నాడి

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్ర పరిజ్ఞానం మనిషి శ్రమను తగ్గిస్తుంది. కాని అతని బాధ్యతను తగ్గించదు. ఇంటి పెరటిలోని ఈతకొలనును సెన్సర్ల సహాయంతో గమనించే విధానాన్ని, నడిపించే విధానాన్ని వివరిస్తూ, అందులో యంత్రం చేయగల పని ఏదో, మనిషి చేయవలసిన పని ఏదో విద్యార్థులు వివేచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చెరువునీళ్లు, ఏటినీళ్లు తాగిన రోజుల్లో మన పల్లెల్లో బురదనీటిని తేర్చడానికి కడవ లోపలివైపు చిల్లగింజను అరగదీసేవారు. పటికముక్కను నీటిలో నాలుగుసార్లు తిప్పేవారు. కొంతసేపటికి మడ్డి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది. ఆ తేటదనాన్ని చూసి ఇల్లాలు తృప్తిపడేది. అయితే తేటనీరంతా మంచినీరు కాదు. కంటికి కనబడే మలినం పోయినా, కనబడని సూక్ష్మజీవి అందులో మిగిలి ఉండవచ్చు. నీటి మంచిచెడ్డలను నిర్ణయించడానికి కన్ను ఒక్కటే చాలదు, కొలత కావాలి. వైద్యుడు రోగి ముఖం చూసి ఊరుకోక నాడి పట్టి చూసినట్లే, నీటికీ ఒక నాడి ఉన్నదని గుర్తించి దానిని పట్టుకోవడం నేర్చుకున్నాడు ఆధునిక మానవుడు.

ఈ నాడీపరీక్ష అవసరం స్పష్టంగా కనబడే చోట్లలో ఇంటి ఈతకొలను ఒకటి. అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు వంటి దేశాలలో పెరటిలో ఈతకొలను ఉన్న ఇళ్లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రాజధాని ఫీనిక్స్ ఎడారి నగరం. అక్కడ వేసవిలో ఎండ 43 డిగ్రీల సెంటీగ్రేడును మించడం సాధారణం. విమానం ఆ నగరంపై దిగుతున్నప్పుడు ఇళ్ల వెనుక నీలిరంగు పలకలవలె కొలనులు వరుసగా కనబడతాయి. కంప్యూటర్ చిప్పుల తయారీ, సాఫ్ట్‌వేర్ రంగాలలో ఉద్యోగాలకై వెళ్లి ఆ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఊరి చెరువులో ఈత నేర్చిన వారికి పెరటి కొలను మొదట వేడుకగానే కనిపిస్తుంది. కొద్దికాలానికే అది పెంపుడు ప్రాణి వంటిదని, నిత్యం కనిపెట్టి ఉండవలసినదని బోధపడుతుంది.

నిలవనీటి సమస్య

ఏటినీరు పారుతూ ఉంటుంది. కొలనునీరు నిలిచి ఉంటుంది. ఆ నీటినే పదేపదే శుభ్రపరచి వాడుకోవాలి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు గల కొలనులో 48 ఘనపు మీటర్లు, అంటే 48 వేల లీటర్ల నీరు పడుతుంది. ఒక పంపు ఆ నీటిని లాగి, వడపోత యంత్రం గుండా నడిపి, తిరిగి కొలనులోకి పంపుతుంది. ఆకులు, పురుగులు, దుమ్ము వడపోతలో చిక్కుకుంటాయి. చెమట, నూనె, మూత్రం, సూక్ష్మజీవులు మాత్రం వడపోతకు లొంగవు. వాటి పని పట్టేది క్లోరిన్.

క్లోరిన్ కొంచెం చాలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మనం చెప్పుకొన్న కొలనుకు లెక్కిస్తే 96 గ్రాములు మాత్రమే అవుతుంది. 48 వేల లీటర్ల నీటిని పిడికెడు పదార్థం కాపాడుతున్నదన్నమాట. ఆ పిడికెడు తగ్గితే రోగకారక క్రిములు, నాచు పెరుగుతాయి. హెచ్చితే కళ్లు మండుతాయి, చర్మం పొడిబారుతుంది.

కేవలం ఎంత క్లోరిన్ ఉన్నదో తెలిస్తే సరిపోదు. నీటి ఆమ్లత్వ క్షారత్వాలను తెలిపే పి.హెచ్. విలువ కూడా తెలియాలి. క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లంగాను, హైపోక్లోరైట్ అయానుగాను రెండు రూపాలలో ఉంటుంది. మొదటిది క్రిములను వేగంగా చంపుతుంది, రెండవది మందకొడి. పి.హెచ్. సుమారు 7.5 ఉన్నప్పుడు ఈ రెండూ దాదాపు సగం సగంగా ఉంటాయి. పి.హెచ్. 8.5కు చేరితే చురుకైన రూపం పదింట ఒక వంతుకు పడిపోతుంది. అంటే క్లోరిన్ నీటిలోనే ఉండి, పని చేయకుండా కూర్చుంటుంది. ధాన్యం గాదెలో ఉండి కూడా ఇంట్లో పస్తున్నట్టు! అందుకే అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు ఈతకొలను నీటి పి.హెచ్. 7.0 నుంచి 7.8 లోపల ఉండాలని, క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలని సూచించాయి.

వీటికి తోడు సూర్యుడొకడు. ఆరుబయట ఎండలో క్లోరిన్ రెండు మూడు గంటలలోనే చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. దానికి గొడుగు పట్టినట్లు సైన్యూరిక్ ఆమ్లం అనే పదార్థాన్ని నీటిలో కలుపుతారు. అది క్లోరిన్‌ను ఎండనుంచి కాపాడుతుంది. అదే సమయంలో దాని వేగాన్నీ కొంత తగ్గిస్తుంది. అందువల్ల సైన్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 2 మిల్లీగ్రాములు ఉండాలన్నది ఆ సంస్థ సూచన. ఒకటి సరిచేస్తే మరొకటి మారే ఇటువంటి వ్యవస్థను వారానికొకసారి చూసి నిర్వహించడం కష్టం.

ఒకప్పుడు ఇంటి యజమాని చిన్న గాజుగొట్టంలో కొలనునీటిని పట్టి, రెండు చుక్కల రసాయనం వేసి, వచ్చిన రంగును అట్టపై ముద్రించిన రంగులతో పోల్చి చూసేవాడు. నేటికీ ఈ పద్ధతి వాడుకలో ఉన్నది; నమ్మదగినదే. కాని అది ఒక్క క్షణపు చిత్రం. ఆదివారం ఉదయం బాగున్న నీరు, పిల్లల పుట్టినరోజు విందు ముగిసిన ఆ సాయంత్రానికే పాడు కావచ్చు. యజమాని ఊరికి వెళ్లి వారం తరువాత వచ్చేసరికి కొలను పచ్చని కుంటగా మారవచ్చు. క్షణచిత్రం చాలని చోట ఎడతెగని గమనిక కావాలి. ఆ పనికే సెన్సర్లు వచ్చాయి.

సెన్సర్లు చూపే సంగతులు

ఆమ్లత్వాన్ని అంకెలో చెప్పే పి.హెచ్. మానాన్ని 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు డెన్మార్కులోని కోపెన్‌హేగన్‌లో, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రతిపాదించాడు. దానిని విద్యుత్తుతో సులువుగా కొలిచే పరికరం వెనుక ఒక నిమ్మకాయ కథ ఉన్నది. 1934లో కాలిఫోర్నియాలోని పండ్లతోటల రైతుల సంఘంలో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త ఒకరు, నిమ్మరసం పులుపును కచ్చితంగా కొలవలేక ఇబ్బందిపడి తన పాత సహాధ్యాయి ఆర్నల్డ్ బెక్‌మన్‌ను ఆశ్రయించాడు. బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడ్ ఇచ్చే అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాన్ని వాక్యూమ్ ట్యూబుల సహాయంతో పెంచి చూపే మీటరును తయారుచేశాడు. నిమ్మరసానికై పుట్టిన ఆ సాధనపు వారసులే నేడు పెరటి కొలనులలో మునిగి పనిచేస్తున్నాయి.

ఈ ఎలక్ట్రోడ్ చివర పలుచని ప్రత్యేకమైన గాజుబుడగ ఉంటుంది. బుడగ లోపలి ద్రవానికి, వెలుపలి నీటికి మధ్య హైడ్రోజన్ అయాన్ల గాఢతలో గల భేదాన్నిబట్టి గాజుపొరకు ఇరువైపులా విద్యుత్ పొటెన్షియల్ భేదం ఏర్పడుతుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో పి.హెచ్. ఒక అంకె మారితే సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు కనబడుతుంది. ఉష్ణోగ్రతతోపాటు ఈ విలువ కూడా మారుతుంది కనుక, పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉండి లెక్కను సరిదిద్దుతుంది.

మరొక సెన్సర్ నీటి ఆక్సీకరణ సామర్థ్యాన్ని చెబుతుంది. దీనిలో ప్లాటినం ఎలక్ట్రోడ్ ఉంటుంది. క్లోరిన్ క్రిమిని చంపేది ఆక్సీకరణ చర్యవల్ల. కనుక ఈ సెన్సర్ క్లోరిన్ ఎంత ఉన్నదో కాక, నీటికి క్రిములను చంపే శక్తి ఎంత ఉన్నదో సూచిస్తుంది. సాధారణంగా దీని విలువను 650 మిల్లీవోల్టులకు తగ్గకుండా నిలుపుతారు. సిపాయిల సంఖ్యను లెక్కపెట్టడం ఒకటి, వారి యుద్ధసామర్థ్యాన్ని తెలుసుకోవడం మరొకటి. మొదటిది చుక్కల పరీక్ష. రెండవది ఈ సెన్సర్.

తక్కినవి సులభంగా అర్థమయ్యేవే. వడపోత యంత్రం మీది పీడన సెన్సర్, మలినం పేరుకొన్నకొద్దీ పెరిగే పీడనాన్ని చూపి, శుభ్రపరచవలసిన సమయం వచ్చిందని చెబుతుంది. ప్రవాహ సెన్సర్ గొట్టంలో నీరు నిజంగా కదులుతున్నదో లేదో చెబుతుంది. నీటిమట్టం సెన్సర్ కొలను తగ్గుదలను చూపుతుంది. మన కొలనులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 320 లీటర్ల నీరు పోయినట్టు. ఎడారిలో నీటి విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ నీరు ఆవిరైపోయిందా, పగులులోనుంచి ఇంకిపోయిందా? మట్టం సెన్సర్ ఆ సంగతి చెప్పలేదు. ఇందుకు పాతకాలపు ఉపాయం ఒకటి ఉన్నది. ఒక బక్కెట్టులో నీరు నింపి కొలను మెట్టు మీద ఉంచుతారు. లోపలి మట్టానికి, వెలుపలి మట్టానికి గుర్తులు పెట్టి ఒక రోజు ఆగుతారు. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరి. కొలను ఎక్కువగా తగ్గితే ఎక్కడో కారుతున్నదని అర్థం. బక్కెట్టుకు తీగలు లేవు. దాని పరీక్షలో మాత్రం తర్కం ఉన్నది. సెన్సర్ అంకెను ఇస్తుంది. అంకెకు అర్థం చెప్పేది ఆలోచన.

కొలత నుండి చర్యకు

సెన్సర్లు పంపిన సంకేతాలను మైక్రో కంట్రోలర్ అనే చిన్న గణకయంత్రం చదువుతుంది. 2014లో చైనా సంస్థ ఒకటి వైఫై సౌకర్యంతో కూడిన ఈ.ఎస్.పి. 8266 అనే చవక చిప్పును తెచ్చిన తరువాత ఈ పని అభిరుచి గల సామాన్యునికి కూడా అందుబాటులోకి వచ్చింది. చిప్పు చదివిన విలువలు ఇంటిలోని కంప్యూటరుకు, అక్కడినుండి చేతిలోని ఫోనుకు చేరతాయి. ఇటువంటి పరికరాలు క్లుప్తంగా మాట్లాడుకొనే పద్ధతులలో ఎం.క్యూ.టి.టి. ప్రసిద్ధమైనది. దానిని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు రూపొందించారు. వారి ఉద్దేశం సుదూరంలోని చమురు గొట్టాల స్థితిగతులను ఉపగ్రహం ద్వారా తెలుసుకోవడం. నిమ్మరసపు మీటరు, చమురు గొట్టాల భాష కలిసి పెరటి కొలనుకు కాపలా కాయడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని ఒక చమత్కారం.

ఒక వేసవి రోజున ఫోను తెరమీద కనబడే గీతలను ఊహించండి. తెల్లవారుజామున నీరు చల్లగా, క్లోరిన్ శక్తి నిండుగా ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ ఉష్ణోగ్రత గీత పైకి లేస్తుంది. ఆక్సీకరణ గీత మెల్లగా కిందికి వాలుతుంది. సాయంత్రం పిల్లలు నీటిలో దిగగానే ఆ గీత మరింత కుంగుతుంది. రాత్రికి మళ్లీ కోలుకుంటుంది. నాలుగు రోజులు ఈ గీతలను చూసినవానికి తన కొలను స్వభావం తెలిసిపోతుంది. ఏ రోజైనా గీత తన దారి తప్పితే, ఏదో జరిగిందని నీరు చెడకముందే గ్రహించగలుగుతాడు.

తరువాతి మెట్టు, గమనించిన లోపాన్ని యంత్రమే సరిదిద్దడం. పి.హెచ్. హద్దు దాటితే చిన్న పంపు ఒకటి కొంచెం ఆమ్లాన్ని గొట్టంలోకి వదులుతుంది. క్లోరిన్ తగ్గితే మరొక పంపు దానిని అందిస్తుంది. కొన్ని కొలనులలో లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పు కలుపుతారు. సముద్రపు నీటిలో లీటరుకు ఉండే సుమారు 35 గ్రాములతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆ ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేసి అక్కడికక్కడే క్లోరిన్‌ను పుట్టిస్తారు.

ఇక్కడ యంత్రానికి నేర్పవలసిన గుణం ఓర్పు. పప్పులో ఉప్పు తక్కువైతే వంట తెలిసినవారు చిటికెడు వేసి, కలిపి, కాసేపాగి రుచి చూస్తారు. ఆగకుండా వేస్తూ పోతే ఉప్పు కరిగేలోగా పప్పు చెడుతుంది. 48 వేల లీటర్లలో ఆమ్లం కలియడానికి గంటలు పడుతుంది. అందుచేత యంత్రం కొద్దిగా వదిలి, ఆగి, మళ్లీ కొలిచి, అవసరమైతేనే మరికొంత వదిలేటట్లు దానికి నియమం ఏర్పరచాలి.

స్వయంచాలక వ్యవస్థవల్ల విద్యుత్తు ఆదా కూడా గణనీయం. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే అది వాడుకొనే విద్యుత్ సామర్థ్యం సిద్ధాంతరీత్యా ఎనిమిదింట ఒక వంతుకు దిగుతుంది. అంతే నీటిని కదిలించడానికి రెట్టింపు కాలం నడిపినా, ఖర్చయ్యే విద్యుత్తు నాలుగింట ఒక వంతే. ఈ సూత్రాన్ని దృష్టిలో ఉంచుకొని అమెరికా ప్రభుత్వం ఈతకొలను పంపులకు విధించిన సామర్థ్య ప్రమాణాలు 2021 జూలైలో అమలులోకి వచ్చాయి. నెమ్మదిగా, ఎక్కువసేపు నడవడం మేలని తాబేలు కథ చెప్పినట్లే పంపు కథా చెబుతున్నది.

ఇది మనకు పూర్తిగా కొత్త సంగతి కాదు. మన రైతులు బోరుబావి మోటారుకు మొబైల్ స్టార్టరు అమర్చి, ఇంటినుండే ఫోను చేసి మోటారును నడుపుతున్నారు. కరెంటు ఏ వేళకు వస్తుందోనని చీకటిలో పొలానికి పోయి, పాముకాటుకో విద్యుదాఘాతానికో గురయ్యే ప్రమాదం దానివల్ల తగ్గింది. కొలత, వార్త, చర్య అనే మూడు అంగాలు అక్కడా ఇక్కడా ఒకటే.

సెన్సర్ పొరబడితే

సెన్సర్ సత్యహరిశ్చంద్రుడు కాదు. పి.హెచ్. ఎలక్ట్రోడ్‌లోని గాజు కాలక్రమాన మసకబారుతుంది; ఎండితే చెడుతుంది; నూనె, సున్నం పేరుకొంటే తప్పుగా చూపుతుంది. అది అబద్ధం ఆడుతున్నట్లు పైకి తెలియదు. తెరమీద అంకె ఎప్పటివలె స్పష్టంగానే ఉంటుంది. అందుచేత పి.హెచ్. 4, 7 వంటి విలువలు ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణాలలో దానిని ముంచి అప్పుడప్పుడు సరిచూడాలి. చుక్కల పరీక్షతో కూడా పోల్చాలి. ఏటా రెండేళ్లకో దానిని మార్చవలసి వస్తుంది.

అబద్ధమాడే సెన్సర్ కేవలం వార్త చెప్పేదైతే నష్టం కొంతే. దాని మాట విని చర్య తీసుకొనే యంత్రం ఉన్నప్పుడు నష్టం పెద్దది. నీరు సరిగానే ఉండగా పి.హెచ్. ఎక్కువగా ఉన్నదని సెన్సర్ చెబితే, పంపు రాత్రంతా ఆమ్లాన్ని కుమ్మరిస్తుంది. తెల్లవారేసరికి నీరు పుల్లబడి, లోహపు భాగాలు తినివేయబడతాయి. కనుక తెలిసిన సాంకేతికులు యంత్రానికి హద్దులు గీస్తారు. రోజుకు ఇంతకుమించి ఆమ్లం వదలరాదు. ఇంతసేపు వదిలినా విలువ కదలకపోతే పని ఆపి యజమానిని పిలవాలి. సెన్సర్ నుంచి వార్త రాకపోతే అంతా బాగున్నదని భావించరాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి. గొట్టంలో నీరు పారుతున్నప్పుడే రసాయనాలు వదలాలి. ఆమ్లం, క్లోరిన్ ద్రావణం ఒకదానితో ఒకటి నేరుగా కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. పెద్ద పంపు ఆగిపోయినా రసాయనాల పంపులు నడుస్తూనే ఉంటే, కదలని నీటిలో ఆ రెండూ పేరుకొంటాయి. పంపు తిరిగి నడిచినప్పుడు ఆ విషవాయువు ఈదుతున్నవారి మధ్యకు ఒక్కుమ్మడిగా వస్తుంది. అమెరికాలోని ఈతకొలనులలో ఇటువంటి ప్రమాదాలు జరిగాయి. అందుకే ప్రవాహ సెన్సర్ నీరు కదలడం లేదని చెప్పిన మరుక్షణం రసాయనాల పంపులకు విద్యుత్తు తెగిపోయేటట్లు తీగలు కలుపుతారు. ఈ రక్షణ ఫోను మీదగాని, ఇంటర్నెట్ మీదగాని ఆధారపడరాదు. మంచి యంత్రం ఎన్నడూ చెడనిది కాదు. చెడినా మనిషికి హాని చేయకుండా ఆగిపోయేది.

కొలతకు చిక్కని జీవులు కూడా ఉన్నాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అతిసారాన్ని కలిగిస్తుంది. తగినంత క్లోరిన్ ఉన్న నీటిలో కూడా అది వారం రోజులకుపైగా బ్రతకగలదు. అంకెలన్నీ ఆరోగ్యకరంగా ఉన్నా ఆ నీరు రోగం తేవచ్చు. విరేచనాలతో బాధపడుతున్నవారిని కొలనులో దిగనీయకపోవడమే అందుకు తొలి మందు. ఆ జాగ్రత్తను ఏ సెన్సరూ తీసుకోలేదు.

అన్నిటికంటే విలువైన ప్రాణం

నీరు చెడితే మళ్లీ బాగుచేసుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తేలేము. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల వయసు గల పిల్లల మరణాలకు నీటమునక మొదటి కారణం. ఆ వయసు పిల్లలు మునిగే ప్రమాదాలలో అధికభాగం ఈతకొలనులలోనే జరుగుతున్నాయి. ఈ విషాదాన్ని నివారించడానికి ఫ్రాన్సు 2003 జనవరిలో ఒక చట్టం చేసింది. నేలలో నిర్మించిన ఇంటి కొలనుకు కంచె, కప్పు, మూత, ప్రమాద ఘంటిక అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉండితీరాలని ఆ చట్టం శాసించింది.

ప్రమాద ఘంటికలలో కొన్ని నీటిలో ఏదైనా పడినప్పుడు పుట్టే అలలను పసిగట్టి మోగుతాయి. కొన్ని ద్వారం తెరుచుకోగానే మోగుతాయి. మరికొన్ని పిల్లవాని మణికట్టుకు కట్టిన పట్టీ తడిస్తే మోగుతాయి. ఇవన్నీ మేలైనవే. కాని వీటి స్వభావాన్ని గ్రహించాలి. అలలను పసిగట్టే ఘంటిక బిడ్డ నీటిలో పడిన తరువాతనే మోగుతుంది. అది మోగి, ఇంట్లోని వారు విని, పరుగెత్తుకొని వచ్చేలోగా గడిచే ప్రతి క్షణమూ విలువైనదే. కొద్ది నిమిషాలలోనే మెదడుకు శాశ్వత హాని కలుగుతుంది. పైగా మునిగే పసివాడు కేకలు వేయడు. నోరు నీటిలో ఉన్నవానికి కేక ఎక్కడిది? నీటమునక చాలాసార్లు నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

గాలికో ఆకుకో ఘంటిక నాలుగుసార్లు వృథాగా మోగితే, అయిదవసారి ఇంట్లోనివారు దానిని లెక్కచేయరు. ‘నాన్నా పులి’ కథ మనమందరం చిన్నప్పుడే విన్నాం. ఆ కథలో తప్పు పిల్లవానిది, ఇక్కడ యంత్రానిది. ఫలితం మాత్రం ఒకటే.

అందుచేత రక్షణ ఒక్క పొరగా కాక, అనేక పొరలుగా ఉండాలని నిపుణులు చెబుతారు. కొలను చుట్టూ నాలుగు వైపులా కంచె, తానంతట తాను మూసుకొనే ద్వారం, పిల్లలకు అందనంత ఎత్తులో గడియ, ఆపైన ఘంటిక, పిల్లలకు ఈత శిక్షణ, పెద్దలకు ప్రథమచికిత్స జ్ఞానం. ఇన్నింటి తరువాత కూడా, పసిపిల్లలు నీటిలో ఉన్నంతసేపు చేయి చాపితే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. కొలను గురించి సమస్తమూ చెప్పే ఫోను ఆ సమయంలో అతని చేతిలో ఉండరాదు. నీటి ఉష్ణోగ్రత ఎంతో తెరమీద చూస్తూ, నీటిలోని బిడ్డను చూడనివాని కంటే అజ్ఞాని ఎవరు?

మనం నేర్చుకోవలసినది

ఇది సంపన్నుల విలాసమేగదా, మనకెందుకని విద్యార్థులకు తోచవచ్చు. భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల చెరువుల వద్దకు వెళ్లి చూడండి. పగలు నీటిలోని సూక్ష్మవృక్షాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆక్సిజన్‌ను ఇస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతోపాటు ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువకు పడిపోతుంది. ఆ వేళకు ఏరియేటర్లు తిరగకపోతే రైతు నెలల శ్రమ ఒక్క రాత్రిలో తెల్లని తెట్టుగా నీటిపై తేలుతుంది. అక్కడ కూడా పి.హెచ్. కొలవాలి, ఆక్సిజన్ కొలవాలి, మోటారు నడుస్తున్నదో లేదో తెలియాలి. ఫీనిక్స్ పెరటిలో సౌఖ్యానికి పనికివచ్చే విద్యయే గోదావరి తీరాన బ్రతుకుతెరువును కాపాడే విద్య.

మన ఊళ్లలోనూ కంచెలేని నీటికుంటలు, గట్టులేని బావులు, మూతలేని నీటితొట్లు ఉన్నాయి. వాటికి సెన్సర్లు పెట్టలేకపోవచ్చు. ఒక మూత, ఒక కంచె, ఒక కనిపెట్టే కన్ను మాత్రం ఏర్పాటు చేయవచ్చు.

నాడి చూడడం వైద్యంలో మొదటి మెట్టు మాత్రమే. నాడి చెప్పిన దానిని అర్థం చేసుకొనే బుద్ధి, తగిన మందు ఇచ్చే నేర్పు, రోగి పక్కన మేలుకొని ఉండే మనసు కలిసినప్పుడే అది వైద్యమవుతుంది. సెన్సర్ నీటి నాడిని మన చేతికి అందించింది. మేలుకొని ఉండవలసినది మనమే.

ప్రశ్నలు

1. తేటగా కనబడే నీరు మంచినీరు కాకపోవచ్చునని రచయిత ఎట్లు నిరూపించాడు?
2. నీటిలో క్లోరిన్ ఉన్నప్పటికీ అది సరిగా పని చేయకపోవడానికి కారణాలేవి?
3. పి.హెచ్. మీటరు పుట్టుకకు సంబంధించిన వృత్తాంతాన్ని మీ మాటలలో రాయండి.
4. ‘మంచి యంత్రం ఎన్నడూ చెడనిది కాదు, చెడినా మనిషికి హాని చేయకుండా ఆగిపోయేది’ అనే వాక్యాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
5. మీ ఊరిలో పిల్లలకు ప్రమాదకరంగా ఉన్న నీటి తావులను గుర్తించి, వాటికి తగిన రక్షణ ఏర్పాట్లను సూచిస్తూ గ్రామ పంచాయతీకి గాని, పురపాలక సంఘానికి గాని లేఖ రాయండి.